చీకటి పడగానే కెమెరా ఆగి ఆగి వస్తోంది: పీఓఈ స్విచ్ తప్పా, కేబుల్ తప్పా?

నిద్రలేనికన్ను
మూడు వారాలుగా ఇదే గోల. ఆరు కెమెరాలు, అన్నీ ఒకే మోడల్. 8 పోర్టుల పీఓఈ స్విచ్ (పవర్ ఓవర్ ఈథర్‌నెట్, అంటే నెట్‌వర్క్ కేబుల్ మీదే కెమెరాకి కరెంటు కూడా పంపే రకం), పాత 802.3ఏఎఫ్ ప్రమాణంది. ఐదు కెమెరాలు దగ్గర్లోనే, 30 మీటర్ల లోపు. ఆరోది గేటు దగ్గర, కేబుల్ 90 మీటర్లు ఉంటుంది. పగలంతా శుభ్రంగా పనిచేస్తుంది. చీకటి పడి ఐఆర్ లైట్లు (చీకట్లో చూడటానికి కెమెరా వేసుకునే, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు) వెలిగాయో లేదో, టిక్‌మని శబ్దం, బొమ్మ మాయం. నిమిషంన్నరకి మళ్ళీ వస్తుంది, మళ్ళీ పోతుంది. తెల్లారేదాకా ఇదే వరస.

కెమెరా మార్చి చూశాను, కొత్తదీ అలాగే చేసింది. పాతదాన్ని దగ్గరి కేబుల్‌కి పెడితే రాత్రంతా పనిచేసింది. స్విచ్‌లో పోర్టు కూడా మార్చాను. కేబుల్ మధ్యలో అతుకులేమీ లేవు, ఒకటే ముక్క. ఇంటర్నెట్ వేగం పరీక్షిస్తే బాగానే ఉంది. ఇంకేం చూడాలి?

కిటికీపక్కసీటు
రేచీకటి. విటమిన్ ఏ వేయండి.

వైర్లబుట్ట
స్విచ్ బడ్జెట్ అయిపోయుంటుంది బ్రో. స్విచ్ మొత్తంగా ఇన్ని వాట్లే ఇవ్వగలను అని ఒక హద్దు ఉంటుంది. 8 పోర్టులున్నంత మాత్రాన ఎనిమిదింటికీ నిండుగా ఇస్తుందని కాదు. రాత్రి ఆరు కెమెరాలూ ఒకేసారి ఐఆర్ వేసుకుంటే హద్దు దాటి చివరి పోర్టుని కోసేస్తుంది. నాకు ఇలాగే జరిగింది, పెద్ద స్విచ్ కొన్నాక పోయింది.

నిద్రలేనికన్ను
@వైర్లబుట్ట నేనూ అదే అనుకున్నా. కానీ స్విచ్ బడ్జెట్ 120 వాట్లు. నిన్న రాత్రి మిగతా ఐదూ పీకేసి గేటు కెమెరా ఒక్కటే ఉంచి చూశాను. అయినా ఆగిపోయింది.

వైర్లబుట్ట
అయితే బడ్జెట్ కాదులే. వెనక్కి తీసుకున్నా.

జీరో_వోల్ట్
పీఓఈ గొడవ ఎందుకన్నా, కెమెరా వెనక 12 వోల్టుల పిన్ను ఉంటుంది కదా. కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. వాటిలో 4-5, 7-8 నంబర్ల జతలు ఖాళీగానే ఉంటాయి. వాటిమీద స్విచ్ దగ్గర్నుంచి 12 వోల్టుల అడాప్టర్ కరెంటు పంపించేయ్. నేను రెండు కెమెరాలకి అలాగే చేశా, నాలుగేళ్ళుగా నడుస్తున్నాయి.

లెక్కలమాస్టారు
@జీరో_వోల్ట్ మీ కేబుల్ ఎంత పొడవు?

జీరో_వోల్ట్
20 మీటర్లుంటుందేమో. ఎందుకు?

లెక్కలమాస్టారు
అందుకే నడుస్తోంది. 90 మీటర్లకి నడవదు, లెక్క చూపిస్తాను.

మంచి రాగి తీగ, 24 గేజ్ అనుకుందాం (గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం). 100 మీటర్లకి ఒక్క తీగ నిరోధం ఇంచుమించు 8.5 ఓములు. పోవడానికి రెండు తీగలు కలిపి, రావడానికి రెండు తీగలు కలిపి వాడితే 90 మీటర్లకి రానూపోనూ మొత్తం 7.7 ఓముల దాకా ఉంటుంది. 12 వోల్టులతో 7.7 ఓముల దారిగుండా ఎంత గింజుకున్నా అవతలి కొసకి 4.7 వాట్లకి మించి చేర్చలేరు. సగం వోల్టేజి తీగలో, సగం పరికరంలో ఉన్నప్పుడు వచ్చే గరిష్ఠం అది. రాత్రి కెమెరా అడిగేదేమో 10 వాట్ల పైమాటే. మీ 20 మీటర్లకైతే నిరోధం 2 ఓములు కూడా లేదు కాబట్టి వోల్టున్నర పోయినా కెమెరా సర్దుకుపోతోంది.

అదే దారిలో 48 వోల్టులు పంపితే? కెమెరా 11 వాట్లు అడిగిందనుకున్నా కరెంటు పావు ఆంపియర్ కూడా పట్టదు. తీగలో పోయే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అర వాటు కూడా దండగ కాదు. పీఓఈకి 48 ఎంచుకున్నది ఇందుకే.

పాతఎక్స్ఛేంజ్
మాస్టారు చెప్పిన 48 పీఓఈతో పుట్టిన అంకె కాదు. మా టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో బ్యాటరీ గది మొత్తం ఆ వోల్టేజి మీదే నడిచేది. ఇంట్లో కరెంటు పోయినా ల్యాండ్‌లైన్ మోగేది గుర్తుందా? ఫోన్‌కి కావలసిన కరెంటు మాటలు వచ్చే ఆ రెండు తీగల మీదే ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చేది. కాబట్టి ఇది కొత్త విద్యేమీ కాదు. 2000లో సిస్కో తన ఐపీ ఫోన్ల కోసం సొంత పద్ధతి ఒకటి తెచ్చింది, 2003లో 802.3ఏఎఫ్ ప్రమాణం వచ్చింది. అరవై దాటకుండా ఉండటంలో ఇంకో సుఖం ఉంది. 60 వోల్టుల లోపు డీసీని చేతికి తగిలినా ముప్పులేని తరగతిలో లెక్కేస్తారు. ప్రమాణంలో పైహద్దు 57.

కొత్తపోర్టు
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నాకెప్పట్నుంచో ఉన్న అనుమానం. అదే తీగలో డేటా, అదే తీగలో కరెంటు. రెండూ కలగాపులగం అయిపోవా? జీరో_వోల్ట్ అన్న చెప్పినట్టు ఖాళీ తీగల మీద పంపితే అర్థమవుతుంది. డేటా తీగల మీదే ఎలా పంపుతారు?

పాతఎక్స్ఛేంజ్
కావడి తెలుసుగా? కర్రకి రెండువైపులా రెండు కుండలు. జతలోని రెండు తీగలు ఆ రెండు కుండలనుకో. డేటా అంటే కావడి ఊగడం: ఒకటి పైకి లేస్తే ఇంకోటి కిందికి. అవతలి చిప్పు చూసేది ఆ తేడా ఒక్కటే. ఇక కావడి మొత్తాన్ని నేలమీంచి ఎత్తి భుజాన పెట్టుకుంటే రెండు కుండలూ సమానంగా లేస్తాయి, వాటి మధ్య తేడా మారదు. పీఓఈ చేసేది ఆ ఎత్తడమే. ఒక జత మొత్తాన్ని ఇంకో జత కంటే 48 వోల్టులు ఎత్తులో పెడుతుంది. డేటాకి ఆ సంగతే తెలియదు.

పనిముట్టు సంగతికొస్తే, ఈథర్‌నెట్ పోర్టులో ప్రతి జతకీ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దాని చుట్ట నడిమధ్య నుంచి ఒక తీగ బయటికి లాగి అక్కడ డీసీ ఎక్కిస్తారు. కరెంటు చుట్టలో రెండు సగాల్లోకీ సమానంగా చీలి ఎదురెదురు దిక్కుల్లో పోతుంది కాబట్టి అయస్కాంత ప్రభావం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అవతల కెమెరాలోనూ అలాగే మధ్య నుంచి తీసుకుంటారు.

కొత్తపోర్టు
కావడి భలే కుదిరింది. మరి ఒక తీగ తెగితే కావడి ఒరిగిపోతుందా?

పాతఎక్స్ఛేంజ్
ఒరుగుతుంది. చుట్టలో ఒక సగానికే కరెంటు పోతే ట్రాన్స్‌ఫార్మర్ కోర్ (చుట్ట లోపలి దిమ్మ) అయస్కాంతంతో నిండిపోయి డేటాలో తప్పులు మొదలవుతాయి. రెండు తీగల నిరోధం మరీ తేడాగా ఉన్నా కొంచెం అదే బాధ.

రాగిరేకు
@జీరో_వోల్ట్ ఇంకో దిద్దుబాటు. 4-5, 7-8 ఖాళీగా ఉండేది 100 మెగాబిట్ లింకులో మాత్రమే. గిగాబిట్‌కి నాలుగు జతలూ డేటా మోస్తాయి. పీఓఈలో 1-2, 3-6 మీద ఇస్తే మోడ్ ఏ, 4-5, 7-8 మీద ఇస్తే మోడ్ బి. ఎటు ఇవ్వాలో కరెంటు ఇచ్చేవాడి ఇష్టం. తీసుకునేవాడు రెండింటికీ సిద్ధంగా ఉండాలి, ప్లస్ మైనస్ తిరగబడినా సరే. అందుకే కెమెరాలో ముందు డయోడ్ బ్రిడ్జి పెడతారు.

జీరో_వోల్ట్
సరే సరే, ఇద్దరూ కలిసి నన్ను ఉతికి ఆరేశారు. కానీ నాకు పీఓఈ అంటే భయం పుట్టడానికి ఒక కారణం ఉంది. ఒకసారి పీఓఈ ఇంజెక్టర్‌కి (కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే చిన్న డబ్బా) పొరపాటున ల్యాప్‌టాప్ తగిలించా. నిమిషంలో ప్లాస్టిక్ కాలిన వాసన. పోర్టు పోయింది. అప్పట్నుంచి పీఓఈ పోర్టు అంటే పాము పడగలా కనిపిస్తుంది.

రాగిరేకు
ఆ ఇంజెక్టర్ మీద 24 వోల్టులు అని ఉందా?

జీరో_వోల్ట్
ఉంది. రౌటర్‌తో పాటు వచ్చింది.

రాగిరేకు
అది అసలు పీఓఈ కాదు, పాసివ్ అంటారు. ఎదురుగా ఎవరున్నారో చూడదు, గుడ్డిగా 24 వోల్టులు తోసేస్తుంది. చాలా ల్యాప్‌టాప్ పోర్టుల్లో ప్రతి జత మధ్య నుంచీ ఒక 75 ఓముల రెసిస్టర్ ఉంటుంది, ఆవగింజంత. రెండు జతల మధ్య రెండు రెసిస్టర్లు, అంటే 150 ఓములు. 24 వోల్టులకి దాదాపు 3.8 వాట్లు వాటిలోనే కాలతాయి. ఆవగింజ ఎంత మోస్తుంది పాపం.

అసలు ప్రమాణం ప్రకారం చేసిన స్విచ్ అలా చేయదు. ముందు 2.7 నుంచి 10.1 వోల్టుల మధ్య చిన్న చిన్న వోల్టేజిలు పెట్టి చూస్తుంది. అవతల 25 కిలోఓముల రెసిస్టర్ కనిపిస్తేనే ఇది మనవాడే అనుకుంటుంది. 15 కంటే తక్కువున్నా, 33 కంటే ఎక్కువున్నా తిప్పి పంపాల్సిందే. ల్యాప్‌టాప్‌లో కనిపించేది 150 ఓములు, కాబట్టి కరెంటే ఇవ్వదు. అదీ ఒక్కసారి కొలిచి ఊరుకోదు, రెండు వోల్టేజిల దగ్గర కొలిచి తేడా తీస్తుంది. మధ్యలో ఉన్న డయోడ్లు తినేసే వోల్టేజి లెక్కలోకి రాకుండా ఉండటానికి. ఆ తెలివి చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఆ తర్వాత 15.5 నుంచి 20.5 వోల్టులు పెట్టి పరికరం ఎంత కరెంటు తీసుకుంటుందో చూసి, ఏ క్లాసో తెలుసుకుంటుంది. క్లాస్ 1 అంటే 3.84 వాట్లు చాలు, క్లాస్ 2కి 6.49, క్లాస్ 3కి 12.95, క్లాస్ 4కి 25.5. ఇదంతా అయ్యాకే 48.

కిటికీపక్కసీటు
పెళ్ళిచూపులు, జాతకాలు, ఆ తర్వాతే తాళి. పాసివ్‌ది లేచిపోయి చేసుకునే రకం.

జీరో_వోల్ట్
నా ల్యాప్‌టాప్‌ది విడాకుల దాకా కూడా పోలేదు, నేరుగా శ్మశానమే.

లెక్కలమాస్టారు
పెళ్ళి సంబరం అయ్యాక అసలు ప్రశ్నకొద్దాం. @నిద్రలేనికన్ను మీ స్విచ్ పేజీలో ఒక్కో పోర్టు ఎన్ని వాట్లు ఇస్తోందో కనిపిస్తుందా? పగలూ రాత్రీ, గేటు కెమెరాదీ దగ్గరి కెమెరాదీ రాసి పెట్టండి. కెమెరా అట్టపెట్టె మీద గరిష్ఠం ఎంత రాశారో కూడా.

నిద్రలేనికన్ను
ఇవిగో.
దగ్గరిది, 30 మీటర్లది: పగలు 5.1, రాత్రి 11.6.
గేటుది: పగలు 5.6, రాత్రి ఆగిపోయే ముందు 15.2. ఒకటి రెండుసార్లు ఓవర్‌లోడ్ అని కూడా రాసింది.
పెట్టె మీద ఐఆర్‌తో కలిపి 11 వాట్లు. వోల్టేజి 48.0 అని చూపిస్తోంది.

లెక్కలమాస్టారు
దొంగ దొరికాడు. రెండూ ఒకే మోడల్, రెండూ తినేది 11 వాట్లే. ఒక దారిలో స్విచ్ 11.6 ఇస్తోంది, ఇంకో దారిలో 15.2. మిగతా 4.2 వాట్లు ఎక్కడికి పోయాయి? కేబుల్‌ని వేడి చేయడానికి.

48 వోల్టుల దగ్గర 15.2 వాట్లంటే 0.317 ఆంపియర్లు. 4.2ని ఆ కరెంటు వర్గంతో భాగిస్తే దాదాపు 42 ఓములు. పగటి 5.6 వాట్లతో లెక్కేసినా కెమెరా 5 వాట్లు తింటోందనుకుంటే ఇంచుమించు అంతే వస్తోంది. ఏఎఫ్ ప్రమాణం 100 మీటర్ల దారికి ఒప్పుకునేది 20 ఓములు. ఆ 20 ఓముల్లో 350 మిల్లీఆంపియర్లు పోతే 2.45 వాట్లు నష్టం. స్విచ్ దగ్గర 15.4, పరికరం దగ్గర 12.95 అని రాసే అంకెల మధ్య తేడా అదే. మీ దారి దానికి రెండింతల పైన.

42 ఓములతో కెమెరా దగ్గర మిగిలేది 34.7 వోల్టులు. ప్రమాణం ప్రకారం కనీసం 37 ఉండాలి. పైగా కెమెరాకి కావలసింది వాట్లు. వోల్టేజి తగ్గితే ఎక్కువ కరెంటు లాగుతుంది, కరెంటు పెరిగితే వోల్టేజి ఇంకా పడుతుంది. ఇంకొక్క వాటు అడిగిందంటే 0.37 ఆంపియర్లు, స్విచ్ హద్దు దాటినట్టే. అందుకే ఒక్కోసారి ఓవర్‌లోడ్, ఒక్కోసారి ఊరికే ఆగిపోవడం.

వైర్లబుట్ట
సీసీఏ కేబుల్ అయ్యుంటుంది. అల్యూమినియం మీద రాగి పూత. అయస్కాంతం పెట్టి చూడు బ్రో.

రాగిరేకు
అయస్కాంతం పట్టేది లోపల ఇనుము ఉంటేనే. అల్యూమినియానికీ పట్టదు, రాగికీ పట్టదు. తీగ కొసని బ్లేడుతో గీకితే చాలు, లోపల వెండిరంగు కనిపిస్తే సీసీఏ. నాలుగుసార్లు వంచితే పుటుక్కున విరుగుతుంది కూడా.

లెక్కలమాస్టారు
సీసీఏ ఒక్కదాని మీదే నెపం వేస్తే నేను ఒప్పుకోను. సీసీఏ నిరోధం రాగికి ఒకటిన్నర రెట్ల చిల్లర. 24 గేజ్ సీసీఏ అయితే 90 మీటర్లకి 12 ఓముల చుట్టుపక్కలే రావాలి. అది చెత్త కేబులే, కానీ 11 వాట్ల కెమెరాని ఆపదు. తీగ సన్నంది కూడా అయ్యుండాలి, లేదా ఎక్కడో అతుకు ఉండాలి. లేదా రెండూ.

నిద్రలేనికన్ను
గీకాను. వెండిరంగే. పైన క్యాట్ 6 అని, అదేదో మేలురకం కేబుల్ అన్నట్టు, దర్జాగా అచ్చేసి ఉంది. కానీ అతుకు లేదు మాస్టారూ, ఒకటే ముక్క.

రాగిరేకు
మల్టీమీటర్ ఉంటే తేల్చేయొచ్చు. రెండు కొసలూ పీకండి. గేటు దగ్గర ఒక జతలోని రెండు తీగల్ని కలిపి ముడేయండి, ఇవతల ఆ రెండింటి మధ్య ఓములు కొలవండి. అలా నాలుగు జతలూ. మంచి రాగి అయితే ఒక్కో జతకీ 15, 16 రావాలి.

నిద్రలేనికన్ను
1-2: 61
3-6: 107
4-5: 60
7-8: 62

కిటికీపక్కసీటు
107కి జ్వరం. కాదు 108 పిలవాలేమో, ఒక్కటి తక్కువైంది.

లెక్కలమాస్టారు
జతలోని రెండు తీగలూ పక్కపక్కన కరెంటు మోస్తాయి కాబట్టి రానూపోనూ కొలతలో నాలుగో వంతే లెక్కకొస్తుంది. 61కి 15.25, 107కి 26.75. కూడితే సరిగ్గా 42. మీ స్విచ్ మోడ్ ఏలో ఇస్తోంది, 1-2, 3-6 మీద.

మంచి మూడు జతలూ 60 చూపిస్తున్నాయంటే తీగ 28 గేజ్ సన్నంలో సీసీఏ. 3-6 ఒక్కటే తేడాగా ఉందంటే ఆకుపచ్చ జతలో అతుకో, సరిగా కరవని ప్లగ్గో ఉంది. ముందు ప్లగ్గులు కోసి మళ్ళీ వేయండి.

జీరో_వోల్ట్
ఈలోపు ఒక అడ్డదారి. మోడ్ బిలో ఇచ్చే ఇంజెక్టర్ దొరికితే 4-5, 7-8 మీద వెళుతుంది, ఆ చెడ్డ జతని తప్పించుకోవచ్చు. పాసివ్ కాదు, అసలుదే! నేను బాగుపడ్డాను చూశారా.

లెక్కలమాస్టారు
మంచి ఆలోచన. 30.5 ఓములకి 39.5 వోల్టులు మిగులుతాయి. అంచుమీద నడక, కానీ పడిపోదు.

కొత్తపోర్టు
ఒకటి అర్థం కాలేదు. ఆగిపోయాక మళ్ళీ తనంతట తనే ఎందుకు వస్తోంది? ఫ్యూజ్‌లా పోయి ఊరుకోవచ్చుగా?

రాగిరేకు
కెమెరా కనీసం 10 మిల్లీఆంపియర్లు లాగుతూ ఉండాలి, అదే దాని ఊపిరి. వోల్టేజి చాలక కెమెరా ఆరిపోయి, సెకనులో పదింట మూడు నాలుగు వంతుల సేపు ఊపిరి లేదనుకో, తీసేశారనుకుని స్విచ్ కరెంటు ఆపేస్తుంది. మళ్ళీ పెళ్ళిచూపులు మొదలు. అప్పుడు కరెంటేమీ లాగట్లేదు కాబట్టి తీగలో నష్టం లేదు, 48కి 48 కనిపిస్తుంది. కెమెరా ఉత్సాహంగా లేస్తుంది. ఐఆర్ వేసుకుంటుంది. కూలిపోతుంది.

పాతఎక్స్ఛేంజ్
ఇంటర్నెట్ వేగం బాగానే ఉందన్నారు చూడండి, చాలామంది మోసపోయేది అక్కడే. డేటాకి నిరోధం కొంచెం పెరిగినా పట్టింపు లేదు. కరెంటుకి మాత్రం ప్రతి ఓమూ లెక్కే. ఇప్పుడు 2018 నాటి 802.3బీటీ వచ్చాక ఇది ఇంకా పెద్ద తలనొప్పి. నాలుగు జతల మీదా 90 వాట్లు పంపితే మంచి కేబుల్‌లోనే చివరికి 71.3కి హామీ. 18.7 వాట్లు దారిలో వేడి. అలాంటి కేబుళ్ళు వంద కట్టగట్టి గొట్టంలో దూరిస్తే నడిమధ్యవి ఉడుకుతాయి. అందులో సీసీఏ కలిస్తే చెప్పక్కర్లేదు.

వైర్లబుట్ట
పనిచేస్తున్నప్పుడు ప్లగ్ పీకినా చిన్న నిప్పురవ్వ వస్తుంది, పిన్నుల బంగారుపూత చెడుతుంది. ముందు పోర్టు ఆపి పీకితే మంచిది. నేనెప్పుడూ ఆపను, అది వేరే సంగతి.

నిద్రలేనికన్ను
నాలుగు రోజుల తర్వాత వస్తున్నా. ప్లగ్గులు రెండూ మార్చాను, 3-6 మారలేదు, 106. ఇంజెక్టర్ పెడితే ఆ రాత్రి ఒక్కసారి కూడా ఆగలేదు. ఇక పట్టుదలకొద్దీ కేబుల్ మొత్తం లాగాను. గోడ మూల దగ్గర గొట్టం లోపల టేపు చుట్టిన ఉండ ఒకటి. విప్పితే ఆకుపచ్చ జత మెలితిప్పి కలిపి ఉంది, చుట్టూ తెల్లటి పొడి.

రాగిరేకు
అల్యూమినియం తుప్పు. పూత గీసుకుపోయిన చోట తేమ తగిలి పట్టింది.

వైర్లబుట్ట
ఎవడు బ్రో ఆ అతుకు వేసింది? వాడిని పట్టుకోవాలి.

నిద్రలేనికన్ను
నేనే. ఆ మూలలో మేకు కొడుతుంటే ఆ జత తెగిందని ఇప్పుడు గుర్తొచ్చింది. టేపు రంగు చూశాక.

కిటికీపక్కసీటు
రేచీకటి కెమెరాకి, మతిమరుపు యజమానికి.

నిద్రలేనికన్ను
ఒప్పుకుంటున్నా. కొత్త కేబుల్ వేశా, 24 గేజ్ రాగి, వేసేముందు గీకి చూశా. జతకి 15.4 ఓములు. రాత్రి స్విచ్ 11.4 వాట్లు చూపిస్తోంది.

లెక్కలమాస్టారు
లెక్క సరిపోయింది. కెమెరా దగ్గర 46 వోల్టులు ఉంటాయి.

జీరో_వోల్ట్
మిగతా ఐదు కేబుళ్ళు ఏ పెట్టెలోవి అన్నా?

నిద్రలేనికన్ను
అదే పెట్టె. మార్చాలా?

లెక్కలమాస్టారు
30 మీటర్లకి 10 ఓములే కాబట్టి ఇప్పటికి లాగుతుంది. బరువైన కెమెరా, తిరిగే రకంలాంటిది పెట్టాలనుకున్న రోజు మార్చండి. ఈలోపు ఆ ఐదింటి వాట్లు కాగితం మీద రాసి దాచుకోండి. రాత్రి అంకె నెలనెలా పెరుగుతుంటే ఏదో ప్లగ్గులో తెల్లపొడి మొదలైనట్టే.

నిద్రలేనికన్ను
రాశాను. ఆ కాగితం ఎక్కడ పెట్టానో గుర్తుంటే చాలు.